సున్నా పెట్టిన పేజీ

“దాన్ని బంద్ చెయ్. ఇప్పుడే, నా కండ్ల ముందట చెయ్.”

“ఒక్క మెసేజ్ తప్పు పోయిందని మొత్తం బంద్ చేస్తరా బాపమ్మా? నలభై ఆర్డర్లు దాంట్లనే ఉన్నయి.”

“నలభై ఆర్డర్లు నా బుక్కుల ఉన్నయి. నీ డబ్బాల కాదు.”

“మెసేజ్ పోయే ముందు నీకు చూపెట్టేటట్టే నేను పెట్టిన. తీసెయ్యమన్నది ఎవరు? నువ్వు కాదా?”

అవును, తీసెయ్యమన్నది నేనే. శ్రావ్య నా కొడుకు కూతురు. కటింగ్ బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని నా ఎదురుగా నిలబడి ఉంది. మిషన్ల మీద ఉన్న ఇద్దరు ఆడవాళ్లు తొక్కడం ఆపి మమ్మల్నే చూస్తున్నారు. పని ఆపితే ఊరుకోనని వాళ్లను కసిరాను. నిజానికి ఆ రోజు పని చెడగొట్టింది నేనే.

ఇది పోయిన సంవత్సరం వానాకాలంలో జరిగింది. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో మాకు జాకెట్లు కుట్టే షాపు ఉంది. మూడు మిషన్లు, ఒక బల్ల, కొలతలు తీసుకోవడానికి పరదా కట్టిన ఒక మూల, అంతే. మాది సిరిసిల్ల వైపు నేత ఇల్లు. నాలుగో తరగతిలో నన్ను బడి మానిపించి కండెలు చుట్టమన్నారు. పెళ్లయి ఇక్కడికి వచ్చాక కుట్టు నేర్చుకున్నాను. నలభై ఏళ్లయింది. జాకెట్లు కుట్టే ముసలమ్మకు కంప్యూటర్ ఏజెంటుతో ఏం పని అని మీరు అడగవచ్చు. నేనూ మొదట అదే అడిగాను.

మా కొట్లాటకు అరగంట ముందు వసంత ఫోన్ చేసింది. ఎర్రమంజిల్ వైపు ఒక ఆఫీసులో పని చేస్తుంది. ఆమె అసలు పేరు వసంత కాదు. ఇది రాసి ఆమెకు చదివి వినిపించి, సరేనన్నాకే బయటికి ఇస్తున్నాను.

“అమ్మా, నా గుడ్డ ఇంక కొయ్యలే కద?” అని అడిగింది.

“లేదు బిడ్డా.”

“కొయ్యకుండ్రి. రేపు పొద్దున వచ్చి తీస్కపోత.”

ఎందుకని అడిగేలోపే ఫోన్ పెట్టేసింది. ఇరవై ఏళ్లుగా నా దగ్గర తప్ప ఇంకెక్కడా కుట్టించుకోని మనిషి. షాపు ఫోన్ తీసి చూస్తే మధ్యాహ్నం మా నంబరు నుంచి ఆమెకు ఒక మెసేజ్ వెళ్లి ఉంది. “నమస్కారం వసంత గారు. మీ కొలతల్లో ఎడమవైపుకు, కుడివైపుకు తేడా ఉంది. ఎడమవైపు లోపల మెత్త పెట్టాలని రాసి ఉంది. ఇది సరైనదేనా? దయచేసి తెలపండి.” మర్యాదగానే ఉంది. ఒక్క తప్పు మాట లేదు. అయినా అది పోకూడని మెసేజ్.

ఎందుకో తెలియాలంటే నా నోటుబుక్కు సంగతి చెప్పాలి. మా పనిలో కొందరు ఆది జాకెట్టు ఇస్తారు. సరిగ్గా ఒంటికి కూర్చున్న పాత జాకెట్టును కొలతగా ఇవ్వడమన్న మాట. నేను దాని మీద ఆధారపడను. పరదా వెనక టేపు పెట్టి కొలిచి, మనిషికో పేజీ రాసుకుంటాను. కొన్ని పేజీల మీద మూలకు చిన్న సున్నా ఉంటుంది. ఆ పేజీ సంగతి నోటితో అనకూడదు, ఆ గుడ్డ నేనే కొయ్యాలి, నేనే కుట్టాలి అని దాని అర్థం. ఒకామెకు వీపు మీద కాలిన మచ్చ. ఒకామెకు ఒక భుజం కిందికి ఉంటుంది. అలాంటివి ఏడు పేజీలు.

వసంతకు ఆరేళ్ల కింద ఆపరేషన్ అయింది. తర్వాత మొదటిసారి వచ్చినప్పుడు పరదా వెనక నిలబడి, “ఒక దిక్కు తీసేసిన్రమ్మా,” అన్నది. ఆఫీసులో కడుపు ఆపరేషన్ అని చెప్పిందట. పైటతో ఎంతకాలం కప్పుకోను అని అడిగింది. జాకెట్టు లోపల జేబులాగా కుట్టి, మెత్తటి పాత నూలుగుడ్డ పొరలు పేర్చి, రెండు వైపులా ఒకే తీరుగా కనబడేలా చేశాను. మూడుసార్లు విప్పి మళ్లీ కుట్టాను. ఈ పరదా దాటి ఈ మాట పోదని చెప్పాను. అప్పటి నుంచి మిషన్ల మీద వాళ్లు అన్నానికి పోయినప్పుడే ఆమె జాకెట్లు కుడతాను.

ఇక ఏజెంటు. శ్రావ్య మా షాపు పైన కోచింగ్ సెంటర్‌లో నేర్చుకుని, ఇప్పుడు పంజాగుట్టలో ఒక కంపెనీలో ఇవే కడుతోంది. ఆమె చెప్పింది నాకు అర్థమైనంత వరకు రాస్తాను. లాంగ్వేజ్ మోడల్ అంటే మన మాట చదివి మాటతో జవాబిచ్చే కంప్యూటర్ బుద్ధి. దాన్ని తయారుచేసిన కంపెనీ, ఇతరులు దాని మీద తమ పనులు కట్టుకునేందుకు ఒక ప్లాట్‌ఫాం ఇస్తుంది. ఊరికే మాట్లాడే ఆ బుద్ధికి చేతులు పెడితే ఏజెంటు అవుతుంది. ఆ చేతులను టూల్స్ అంటారు. మా దానికి శ్రావ్య నాలుగు ఇచ్చింది. నా బుక్కు ఫొటోలు చదవడం, ఏ రోజు ఎన్ని జాకెట్లు ఉన్నాయో చూడడం, కటింగ్ చీటీ రాయడం, కస్టమర్‌కు మెసేజ్ పంపడం. అది ఒక పని చేసి, ఏమైందో చూసుకుని, తర్వాత ఏం చెయ్యాలో తనే నిర్ణయించుకుంటుంది. అడుగడుగునా మనం చెప్పనక్కరలేదు.

ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో ముందుగా రాసి పెట్టేదాన్ని ప్రాంప్ట్ అంటారు. శ్రావ్య మూడు పేజీలు రాసింది. ఏజెంటు పని చేసిన ప్రతిసారీ ఆ మూడు పేజీలూ మళ్లీ చదువుతుందని, చదివిన ప్రతి ముక్కకూ కంపెనీ డబ్బు తీసుకుంటుందని తెలిసి నాకు ఒళ్లు మండింది. రోజూ అదే పురాణం ఎందుకు చదివిస్తున్నావని కూర్చోబెట్టి అర పేజీకి తెచ్చాను. నా గుడ్డలో పీలిక కూడా వృథా పోనివ్వను, మాటలెందుకు పోనిస్తాను. బుక్కు ఫొటోలు తీసేటప్పుడు, “ఈ సున్నా ఏంది బాపమ్మా?” అని అడిగింది. అది నీకు అక్కర లేదన్నాను. పేజీ మూసి పక్కన పెట్టాలని మాత్రం నాకు తోచలేదు. ఫొటో తీస్తే ఏజెంటు చదువుతుందని తెలుసు. చదివితే అడుగుతుందని తెలియదు.

ఇంకొకటి. మొదట్లో మెసేజ్ పోయే ముందు నా ఫోన్‌కు వచ్చేది. పంపాలా వద్దా అని అడిగేది. దాన్ని అప్రూవల్ అంటారు. రోజుకు ముప్పైసార్లు కత్తెర కింద పెట్టి, చేతులు తుడుచుకుని, కళ్లద్దాలు వెతుక్కుని నొక్కాలి. పది రోజులు చూసి, నాకు పని తగ్గించడానికి తెచ్చావా పెంచడానికి తెచ్చావా అని శ్రావ్య మీద పడ్డాను. ఆమె వద్దని రెండుసార్లు చెప్పింది. మూడోసారి నా నోటికి భయపడి తీసేసింది. తర్వాత నెల రోజులు బాగానే నడిచింది. తేదీలు కలవక జరిగే గొడవలు ఆగాయి. నేను లోపల సంతోషపడ్డాను కానీ ఆమెకు చెప్పలేదు.

కొట్లాట కాస్త చల్లారాక, అది ఎందుకు పంపిందో చూపించమన్నాను. శ్రావ్య లాగ్ తీసింది. ఏజెంటు ఏ పని ఎందుకు చేసిందో వరుసగా రాసి ఉండేదే లాగ్. అందులో ఇలా ఉంది. “రెండు వైపులా కొలత తేడాగా ఉంది. ఇది పొరపాటు కావచ్చు. ఊహించి చీటీ రాయడం కంటే కస్టమర్‌ను ఒకసారి అడగడం మంచిది.”

రెండోసారి చదవమన్నాను. నా దగ్గర పని నేర్చుకున్న ప్రతి పిల్లకూ నేను చెప్పేది అదే. తెలియకపోతే అడుగు, ఊహించి కొయ్యకు. ఆ అర పేజీలో కూడా నేనే ఆ మాట ఉంచమన్నాను. అది చెప్పింది చెప్పినట్టు చేసింది.

“సున్నా అంటే ఏందో ప్రాంప్ట్‌ల రాద్దం. అప్పుడు అడగది,” అన్నది శ్రావ్య.

“రాస్తే చెప్పినట్టే గద. దానికి చెప్పొద్దని చెప్పుడెందుకు? చేతికే ఇయ్యకు.”

శ్రావ్య, వాళ్ల ఆఫీసులో పెద్ద సారు కూడా ఇదే చెబుతాడన్నది. నాకు ఆ పొగడ్త రుచించలేదు. వసంత రేపు పొద్దున వస్తుంది. ఆమె గుడ్డ తీసుకుని మెట్లు దిగితే మళ్లీ ఎక్కదు. ఇంకో టైలరు ముందు కొత్తగా పరదా వెనక నిలబడి ఆ మాట మళ్లీ చెప్పుకోవాలి. చెప్పుకోలేక మళ్లీ పైటతో కప్పుకుంటుందేమో. నా కళ్ల ముందు అదే ఉంది.

చీకటి పడేలోపు ఇద్దరం పని చేశాం. ఏడు పేజీల ఫొటోలూ తీసేయించాను. ఆ ఏడుగురి పేరుతో ఆర్డర్ వస్తే ఏజెంటుకు “బాపమ్మను పిలువు” అన్న ఒక్క ముక్క తప్ప ఏమీ దొరకదు. తేదీ చెప్పే మెసేజ్‌లు అదే పంపుకోవచ్చు. ఒంటికి సంబంధించిన ఏ మాటైనా నా ఫోన్‌కు రావాలి, నేను నొక్కితేనే పోవాలి. తర్వాత ట్రయల్ వెయ్యమన్నాను. జాకెట్టు ట్రయల్ చూడకుండా ఇవ్వం, దీన్ని ఎలా వదులుతాం? శ్రావ్య ఎల్లమ్మ అని లేని పేరు ఒకటి ఆ ఏడుగురిలో కలిపి, ఎల్లమ్మలా మెసేజ్‌లు పెట్టింది. అడిగింది, బతిమాలింది, కోపం చేసింది. ఏజెంటు, “మీ కొలతల గురించి టైలరమ్మ మీతో స్వయంగా మాట్లాడతారు,” అని జవాబిచ్చింది.

“పాసయింది,” అన్నది శ్రావ్య.

“కాలే. స్వయంగ మాట్లాడుతరు అంటే ఏదో ఉందనే కద. పక్కన ఎవరన్న చూస్తే? అందరికి ఏం పెడ్తదో వీళ్లకు సుత గదే పెట్టాలె.”

శ్రావ్య ఆ జవాబును “మీ ఆర్డర్ అందింది” అని మార్చింది. మళ్లీ పదిసార్లు ట్రయల్ వేసి, పదిసార్లూ అదే వచ్చాక నేను దీపం పెట్టాను.

పనివాళ్లను పెట్టుకునేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. మనిషైనా ఏజెంటైనా, నేర్పింది చేస్తుంది. ఏది తన చేత్తో చెయ్యనివ్వాలి, ఏది మన చేతి కింద నుంచి పోవాలి అన్నది పని అప్పగించే రోజే తేల్చుకోవాలి. నేను మాటల దగ్గర పొదుపు చేశాను, చూసుకోవడం దగ్గర కూడా పొదుపు చేశాను. మొదటిది చెల్లింది. రెండోది వసంత మీద పడింది.

మరునాడు పొద్దున షటర్ ఎత్తేసరికి వసంత మెట్ల మీద ఉంది. గొడుగు మడిచి పట్టుకుని నిలబడింది. తనూ వచ్చి క్షమించమని అడుగుతానన్న శ్రావ్యను నేనే ఆఫీసుకు పంపేశాను. అప్రూవల్ తీయించింది ఎవరో వాళ్లే అడగాలి.

పరదా వెనక స్టూలు వేశాను. కూర్చోలేదు.

“తప్పు నాది బిడ్డా. మిషనుది కాదు, పిల్లది కాదు. నన్ను అడిగి పంపుతుండె. అడగకుండ పొమ్మన్నది నేనే.”

ఆఫీసులో ఏమైందో ఆమె చెప్పింది. మెసేజ్ వచ్చినప్పుడు కళ్లద్దాలు పెట్టుకోలేదట. పైన పెద్దగా కనబడే మా షాపు పేరు మాత్రం చూసి, తేదీ గురించి అనుకుని, పక్క సీటు ఆమెకు ఫోన్ ఇచ్చి చదవమన్నదట. ఆమె అందరికీ వినబడేలా చదివిందట.

“ఏమన్నరు?” అని అడిగాను.

“ఎవరేమనలే. సాయంత్రం టీ నా సీటు కాడికి తెచ్చిచ్చిన్రు. ఆరేండ్లు నేనే పోయి తెచ్చుకున్న అమ్మా.”

ఆమె గుడ్డ తెచ్చాను. మీగడ రంగు పట్టు, మడత కూడా విప్పనిది. బుక్కులోంచి ఆమె పేజీ చింపి గుడ్డ మీద పెట్టాను. ఆ పేజీ ఆమె ఎప్పుడూ చూడలేదు. ఈసారి కళ్లద్దాలు తీసి పెట్టుకుని పైనుంచి కింది దాకా చదివింది. మూలనున్న సున్నా మీద వేలు పెట్టి, ఇదేమిటని అడిగింది. చెప్పాను.

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. గొడుగు తీసుకుంది. మెట్టు దిగేముందు ఆగి, “బుధవారం కావాలె,” అని, వెనక్కి చూడకుండా బస్టాపు వైపు వెళ్లిపోయింది.

గుడ్డ బల్ల మీదే ఉంది. ఆమె కొలతలు నాకు నోటికి వచ్చు. మిషన్ల మీది వాళ్లు రావడానికి ఇంకా గంట ఉంది. సుద్దముక్క తీసుకుని గీత గీశాను.