ఫిలిం లేని సినిమా నేర్పిన మేస్టారు

1. ఉదయం 5.10. మేస్టారి కుమార్తె ఫోన్ చేసింది. "అన్నయ్యా, నాన్న లెగట్లేదు."
2. 5.40. మా నగరంలోని అహ్లోన్ పేటలో వారి గదికి చేరాను. మేస్టారు వెళ్ళిపోయారు. నోటుపుస్తకం మీద కళ్ళజోడు ఉంది.
3. 7.00. సంగతి తెలియక, శనివారం పాఠానికి ఏడుగురు వచ్చారు. గుమ్మంలో అట్ట చట్రం పట్టుకుని, నవ్వుతూ నిలబడ్డారు.
4. 7.05. "ఇక పాఠాలుండవు" అని చెప్పి పంపివేశాను.

— బోనెల సత్యానందం

మేస్టారు ఒకప్పుడు సినిమాహాలులో ప్రొజెక్టరు నడిపినవారు. శనివారాలు మాకు సినిమా పాఠాలు చెప్పేవారు. సోవియట్ తొలినాళ్ళ దర్శకుడొకరి జీవితాన్ని ఏళ్ళ తరబడి ఆ నోటుపుస్తకంలో తెలుగులో రాసుకున్నారు. ఆ దర్శకుణ్ణి మేనమామ కొడుకన్నట్టు 'మావోడు' అనేవారు.

సైనిక పాలన మీద జనం వీధుల్లోకి వచ్చి, ఆపై ఇంటర్నెట్ తెగి, కరెంటు పోయి, కర్ఫ్యూతో పక్కవీధి కూడా పరదేశమైన రోజుల్లో, పాఠాలు ఆపుదామన్నాను. మేస్టారు నవ్వారు.

"ఏటి, కరెంటు నేదా? మావోడికి ఫిలిమే నేదు. పాఠం ఆపీసినాడేటి?"

తన దేశంలో విప్లవం తరువాత ముడిఫిలిం దొరకక, ఆ దర్శకుడు శిష్యులచేత ఫిలిం లేకుండానే సినిమాలు నటింపజేశాడట. మేస్టారూ అదే చేశారు. అట్టకు కిటికీ కోసి చట్రం చేసి, ముందు లుంగీ తెర కట్టారు. తెర తీస్తే ఒక ముఖం. వేసి తీస్తే అన్నం గిన్నె; ఆ ముఖం ఆకలిగా తోచేది. ఇంకోసారి అదే ముఖం, తరువాత విడిచిన చెప్పులు. ఈసారి ఆ ముఖమే దుఃఖంగా తోచి, చూస్తున్నవారి కళ్ళు చెమర్చేవి.

"ముకం మారనేదర్రా. దాని పక్కదే మారింది. మావోడు కనిపెట్టింది అదే."

ఒకసారి దృశ్యాలన్నింటికీ వరుస సంఖ్యలూ, గంటలూ నిమిషాలూ వేసి, పూర్తి పేరుతో సంతకం చేసి చూపించాను.

"ఏటి సత్యం, ఇది సినిమానా, పోలీసు రిపోర్టా?" అందరూ ఘొల్లున నవ్వారు. మేస్టారు మాత్రం నా భుజం తట్టారు. "గంట ఏసీసినావంటే సీను ముక్క ఇటూ అటూ కదల్దు బాబూ. ఆకర్ని ఏది పెడతావో, మనిషి దాన్నే ఇంటికి అట్టుకెల్తాడు."

ఖననం ముగిశాక, ఆ ఉదయం గంటలు వేసి రాసుకున్న నా జాబితా తీసి చూశాను. ఆఖరున ఉన్నది నేను అన్న మాట. మేస్టారి కథను అక్కడ ముగించే హక్కు నాకు లేదు. వచ్చే శనివారం రమ్మని ఆ ఏడుగురికీ కబురు పంపాను. గంటలూ, సంతకమూ కొట్టివేసి, ముక్కలను మళ్ళీ పేర్చాను.

ఇక పాఠాలుండవని ఒకడు అన్నాడు. ఫోన్ మోగింది. నోటుపుస్తకం మీద కళ్ళజోడు. గుమ్మంలో ఏడుగురు, అట్ట చట్రం పట్టుకుని, నవ్వుతూ.