అవ్వ గీసిన టెన్నిస్ కోర్టు

కొత్త టెన్నిస్ బంతుల డబ్బా మూత లాగితే ఉస్సుమంటూ రబ్బరు వాసన ఒకటి బయటికొస్తుంది. తోటి ఆటగత్తెలకు అది విజయాల వాసనట. నాకు మాత్రం ఎల్లారెడ్డిలో మా అవ్వ వాకిలీ, పచ్చి పేడా గుర్తొస్తాయి. టెన్నిస్‌నే వృత్తి చేసుకుని ఇన్నేళ్ళయింది. ప్రపంచ ర్యాంకుల పట్టికలో నా పేరు చూడాలంటే బొటనవేలు నొప్పి పుట్టేదాకా ఫోను తెరను పైకి తోస్తూ పోవాలి. ఉండటం మాత్రం ఉంది.

కామారెడ్డి బడిలో వ్యాయామం సారు నా చేతికి రాకెట్టు ఇచ్చారు. ఎండాకాలం సెలవులు రాగానే, బస్సు కండక్టరైన మా బాపు నన్నూ ఆ రాకెట్టునూ ఎల్లారెడ్డిలో తన తల్లి దగ్గర దింపిపోయేవాడు. మామిడికాయ తొక్కుతో మక్కగట్క, ఇత్తడి చెంబులో పల్చటి అంబలి, వడగాడ్పుకు మూసిన తలుపుల వెనక తాటిముంజలు, సాయంత్రం పొయ్యి మీద సర్వపిండి మాడీ మాడని వాసన, అన్నీ ఉండేవి, కోర్టు ఒక్కటే లేదు. అవ్వ తెల్లవారుతూనే వాకిలంతా పేడనీళ్ళతో సానుపు చల్లి, నేను చెప్పిన కొలతల్లో సగం విని, మిగతా సగం తన ఇష్టప్రకారం ముగ్గుపిండితో కోర్టు గీసేది. మూలకో పువ్వు కూడా వేసేది. నిబంధనల్లో పువ్వుల్లేవంటే, లేకపోతే బోడిగా ఉంటుందని ఆమె వాదన. కొట్టం గుంజకూ బోరింగుకూ మధ్య కట్టిన ఆమె పాత చీరే నెట్టు. అవతలివైపు ఎవరు ఖాళీగా దొరికితే వాళ్ళు. ముగ్గు తొక్కితే అవ్వ ఊరుకునేది కాదు, అందుకే సర్వీసు చేసేటప్పుడు నా పాదం గీత మీద పడిందని ఇంతవరకు ఏ అంపైరూ అనలేదు. నా ఆటలో జనం మెచ్చుకున్న అంశం బహుశా అదొక్కటే.

తొమ్మిదో తరగతి అయిన ఎండాకాలం బాపు షరతు పెట్టాడు. హైదరాబాద్ పోటీలో ఒక్క మ్యాచైనా గెలవాలి. లేదంటే రాకెట్టు అటకెక్కుతుంది, నేను ట్యూషన్ మెట్లెక్కుతాను. ఓడిపోయాను. నన్ను కోర్టులో వదిలి బయట చాయ్ తాగడానికి పోయిన బాపు తిరిగొచ్చేసరికి మ్యాచ్ అయిపోయింది. ఆయన చాయ్ తాగడంలో నిదానమేమీ కాదు. రాత్రికి ఎల్లారెడ్డి చేరాం. ఇంట్లోకి రాగానే రాకెట్టును అటక మీద పాత చాటల పక్కన పెట్టాడు. నేను దుప్పటి కప్పుకుని, నిద్రపోతున్నట్టు కనిపిస్తూ, చాలా శ్రద్ధగా ఏడ్చాను.

పొద్దున చీపురు చప్పుడుకు లేచి చూస్తే, అవ్వ వంగి ఎప్పటిలాగే కోర్టు గీస్తోంది. బాపు గడపలో నిలబడ్డాడు.

"ఇంకెవలికే అవ్వా ఇయి? పిల్ల ఓడిపాయె గద."

అవ్వ నడుము ఎత్తలేదు. "నిన్నటి ముగ్గు ఏడున్నది కొడుకా? కోళ్ళు కొంత చెరిపె, నువ్వొచ్చి కొంత తొక్కితివి. నిలుస్తదని ఏస్తమా? పొద్దుగాల ఏసుడే మన పని. ఆ బ్యాటు దించు."

బాపు గీతలు తొక్కకుండా అంగలు వేసుకుంటూ వాకిలి దాటి, కొట్టంలోంచి స్టూలు తెచ్చుకున్నాడు.

ఆ తర్వాత డిగ్రీ పూర్తయింది, మోకాలికి ఆపరేషనూ అయింది. తెలియని దేశాల్లో, తెలిసినవాళ్ళెవరూ చూడని కోర్టుల్లో, అర్హత పోటీల్లోనే ఎన్నోసార్లు ఓడిపోయాను. మర్నాడు పొద్దున్నే లేచి మళ్ళీ బంతులు కొట్టాను. అది పట్టుదల అని ఒకరిద్దరు పొగిడారు. మా ఇంట్లో దాన్ని వాకిలి ఊడ్చడం అంటారు.

అవ్వ ఇప్పుడు లేదు. కొట్టం, బోరింగు, పేడా కూడా లేవు. వాకిలంతా సిమెంటు, గడప ముందు రంగులతో వేయించిన, వానకు చెదరని ముగ్గు. చూడ్డానికి బాగుంటుంది, దానికోసం ఎవరూ పొద్దున్నే లేవనక్కర్లేదు. రిటైరైన బాపు ఆ గడప పక్క గట్టు మీదే కూర్చుని నా ఫోను కోసం చూస్తుంటాడు. ఓడిపోయానని చెబితే, "మంచిది. మల్ల ఆట యాడ?" అంటాడు. మొన్న ఉజ్బెకిస్తాన్ అన్నాను. బస్సు ఎన్నిటికి దొరుకుతుందని అడిగాడు. పొద్దున్నే ఉంటుందన్నాను.