అది టెన్షన్ కాదు

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. తమిళం మాట్లాడే ఊళ్లో ఉండేవాళ్లం. ముత్తియాల్‌పేటలో ఇల్లు, నెల్లితోపులో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరు ఉద్యోగం. ఆ ఏడాది వానలు మొదలైనప్పటి నుంచి బొడ్డుకు కుడివైపు కింద నొప్పి. తిన్న గంటకల్లా మెలిపెట్టేది. రోజుకు ఐదారు విరేచనాలు, నోట్లో పుండ్లు, సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడటం. మూడు నెలల్లో జాకెట్లన్నీ వదులైపోయాయి.

"ఏందే, సన్నబడాలని పస్తులుండావా?" అంది మేనత్త. అమ్మ కారం మానేసి మజ్జిగన్నం పెట్టింది. నొప్పి ఆగలేదు.

పాఠం మధ్యలో బయటికి వెళ్తున్నానని హెడ్‌మిస్ట్రెస్ పిలిపించింది. ముందు పర్మిషన్ అడగాలంది.

"అడిగేంత టైముండదు మేడమ్. పోయొచ్చి చెప్తాను," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మొదటి డాక్టరు గ్యాస్ అన్నాడు. రెండో ఆయన నా వైపు సరిగా చూడకుండానే, "పెళ్లి కావలసిన పిల్లలకు మామూలే, టెన్షన్," అని తమిళంలో అమ్మతో చెప్పాడు. అమ్మ లేవబోయింది. నేను లేవలేదు. నాలుగు కాగితాలు ఆయన ముందు పెట్టాను. ఏ రోజు ఏం తిన్నానో, ఎన్నిసార్లు వెళ్లానో, జ్వరమెంతో, బరువెంతో అన్నీ రాసి ఉన్నాయి.

"టెన్షన్‌కు రోజూ జ్వరమొస్తుందా డాక్టర్? నిద్రలోంచి లేచి పరిగెత్తిస్తుందా? పేగుల డాక్టరుకు రాసివ్వండి."

"ఊరుకోవే," అని అమ్మ చెయ్యి లాగింది. ఆయన చదివాడు. రెండో కాగితం దగ్గర జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. రాసిచ్చాడు.

పేగుల డాక్టరమ్మ కింది నుంచి గొట్టం పంపి చూసింది. చిన్నపేగు పెద్దపేగులో కలిసేచోట పుండ్లు. ముందు క్షయేమో అనుకుంది. ముక్క తీసి పంపిన పరీక్షల్లో కాదని తేలాక, క్రోన్స్ జబ్బు అంది.

"ఒంటిని కాపాడాల్సిన శక్తే పేగు మీద తిరగబడింది. పూర్తిగా పోదు. కానీ పేగు ఇంకా ఇరుకు కాలేదు, తొందరగా వచ్చావు. మందులతో అదుపులో పెట్టొచ్చు."

"నేను పెట్టిన తిండి వల్లనా?" అని అడిగింది అమ్మ.

"ఎవరి వల్లా కాదమ్మా."

ఆటోలో అమ్మ మెల్లగా అంది, "యాడా చెప్పొద్దే. సంబంధాలు రావు."

"అడిగినోళ్లకు చెప్తా. నేనేం దొంగతనం చేసినానా?"

రెండు నెలలకు నొప్పి తగ్గింది. ఏడాది తర్వాత మళ్లీ వచ్చింది, మళ్లీ తగ్గింది. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లకు నేనే చెప్పాను. రెండు కుటుంబాలు కాఫీ తాగకుండానే వెళ్లిపోయాయి. వెళ్లనీ అనుకున్నాను.