హోరు ఆగిన తపసు రాత్రి

ఏడుకొండల మీద నిలబడిన గోవిందా, నీకు వెయ్యి దండాలు. నోరు విప్పినవాడి మాట అందరూ వింటారు. నోరు విప్పనివాడి మాట నువ్వొక్కడివే వింటావు. అది నమ్మినవాడిని కాబట్టే ఈ సంగతి చెప్పడానికి ఇన్నేళ్లు భయపడ్డాను.

ఇది కథ కాదు. అలిపిరి నుంచి మెట్టు మెట్టుకీ పసుపు కుంకుమ పెట్టిన చేతులతో రాస్తున్నాను. ఒక్క మాట కల్పించినా ఈ చేతులు పడిపోవాలి. మనుషుల పేర్లు మాత్రం మార్చాను.

మాది పుత్తూరు పక్కన ఒక పల్లె. తిరుపతిలో రేడియో రిపేరు నేర్చుకుని వచ్చి ఊళ్లో మైకుసెట్టు పెట్టుకున్నాను. పగలు ఆ పని. సాయంత్రం గుడిలో పురాణం చదవడం. మా నాయన చదివేవాడు, ఆయన తరువాత నేను. ఏటా తిరునాళ్లలో పద్దెనిమిది రోజులు ఊరంతా కూర్చుని వినేది.

ఆ పద్దెనిమిది రోజుల్లో ఒక రాత్రి తపసు. గుడి ముందర నున్నగా చెక్కి, మెట్లు కొట్టిన పొడవాటి మాను పాతుతారు. తపసుమాను అంటాం. వేషం కట్టిన మనిషి పద్యాలు పాడుతూ మెట్టు మెట్టుగా పైకెక్కుతాడు. కొనన చిన్న మంచె. పిల్లలు లేని ఆడవాళ్లు పగలంతా పస్తుండి, తడి చీరలతో మాను చుట్టూ బోర్లా పడుకుంటారు. తల ఎత్తకూడదు. కళ్లు తెరవకూడదు. తపసు ముగిశాక పైనుంచి పూలు, విభూది, నిమ్మకాయలు విసురుతాడు. నిమ్మకాయ ఎవరి మీద పడితే, ఎవరి చేతికి అందితే, వాళ్ల కడుపు పండుతుంది. దొరికినదాన్ని ఎవరికీ చూపకూడదు. కొంగున ముడేసుకుని వెళ్లిపోవాలి.

ఆ ఏడు తిరునాళ్లకు ముందు మద్రాసు నుంచి కార్డ్‌లెస్ మైకు తెచ్చాను. సెల్‌ఫోన్లు మా పల్లెలకు ఇంకా రాని రోజులు. తీగ లేకుండా మాట రావడం ఊరికి పెద్ద వింత. చొక్కాకు తగిలించే చిన్న మైకు, నడుముకు కట్టుకునే అగ్గిపెట్టెంత పెట్టె, నా దగ్గర రిసీవరు. అంతే.

అది ఎలా పనిచేస్తుందో చెప్పాలి. చెప్పకపోతే ఆ రాత్రి నేను ఎందుకు వణికానో మీకు తెలియదు.

పెట్టె మాటను ఒక అల మీద ఎక్కించి గాలిలోకి వదులుతుంది. రిసీవరు ఆ అలను పట్టుకుని, అందులోంచి మాటను మళ్లీ విడదీస్తుంది. అల లేదనుకోండి... విడదీయడానికి ఏమీ ఉండదు. అప్పుడు రిసీవరులో హోరు. బాణలిలో నూనె కాగినట్టు సర్‌ర్‌ర్‌మని ఒకటే హోరు. మంచి సెట్లలో ఆ హోరును నొక్కిపెట్టే ఏర్పాటు ఉంటుంది. మాది చవక సెట్టు. అందుకే మైకు ఆన్ చేశామంటే హోరు టక్కున ఆగుతుంది. మాట ఇంకా మొదలుకాకపోయినా ఆగుతుంది. అంటే... నిశ్శబ్దంగా ఉందంటే అక్కడ ఎవరో ఉన్నారని అర్థం.

ఇంకొకటి. ఒకే అల మీద రెండు మైకులు ఆన్ అయితే రెండూ కలిసి వినబడవు. దగ్గరగా ఉన్నది దూరంగా ఉన్నదాన్ని పూర్తిగా మింగేస్తుంది. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి.

మునెమ్మ నాకు వరుసకు చెల్లెలు. పెళ్లయి పన్నెండేళ్లు. పిల్లల్లేరు. ఆమె మొగుడు చెంగల్రాయుడు ఇంకో పిల్లను చూసుకున్నాడు. పెద్దమనుషులు ఒక మాట పెట్టారు. ఈ తపసులో మునెమ్మకు నిమ్మకాయ దొరికితే ఏడాది ఆగాలి. దొరక్కపోతే వాడి ఇష్టం. ఆ మాట మీద ఆమె మూడు రోజుల ముందు నుంచే పస్తు పడింది.

తపసు రాత్రి పొద్దుగూకాక, ఆ ఏడు మాను ఎక్కే గురవయ్యకు వేషం కట్టే గదిలో నేనే మైకు తగిలించాను. పెట్టె ఆన్ చేసి వచ్చాను. రిసీవరు దగ్గర కూర్చుని హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. హార్న్‌లకు పోయే వాల్యూం కిందికి తిప్పి ఉంది. నాకు మాత్రమే వినబడుతోంది.

తలుపు చప్పుడు. చెంగల్రాయుడి గొంతు.

"గురవన్నా, మా ఇంటిది తూరుపు తట్టు పడుకుంటాది. పసుపు చీర. ఆ తట్టుకు ఇసరొద్దు."

"వేషం కట్టినాక నా చెయ్యి నాది కాదప్పా."

"కాకుంటే ఎవురిది? పిల్ల తరపోళ్లకు మాట ఇచ్చేసినాను. ఒక నిమ్మకాయ కోసరం ఏడాది కాపు కాయమంటావా?"

గురవయ్య గజ్జెలు కట్టుకుంటున్న చప్పుడు. తరువాత నవ్వాడు.

"సరే పో. పడమటికే ఇసురుతాలే. పెండ్లికి పిలవడం మాత్రం మరిచిపోవద్దు."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు నా రెండు చెవుల మధ్య వినిపించింది.

వాల్యూం బిళ్ల నా వేలి కిందే ఉంది. కొంచెం తిప్పితే చాలు... నాలుగు హార్న్‌లలో ఊరంతా వినేది. తిప్పలేదు. ఎందుకని అడిగితే నాకు నేను చెప్పుకున్న జవాబు ఒకటే. తపసు పరువు పోతుంది. వేషం కట్టినవాడు దేవుడితో సమానం, రేపు పక్క ఊరివాళ్లు మన దేవుడిని చూసి నవ్వుతారు. భక్తి అనుకున్నాను. అది పిరికితనం. నాలుగు రోజుల ముందే ఆ మైకులో నేనే చదివాను. నిండు సభలో ఒక ఆడమనిషి అడిగిన ప్రశ్నకు పెద్దలంతా తల దించుకున్న ఘట్టం. కళ్లనీళ్లు పెట్టుకుని మరీ చదివాను.

తపసు బ్రహ్మాండంగా జరిగింది. పైనుంచి గురవయ్య పాడుతుంటే గాలి కూడా మైకులో పలికింది. చివర్లో విసిరాడు. నిమ్మకాయలు పడమటికి పడ్డాయి. దక్షిణానికి పడ్డాయి. తూర్పుకు పువ్వు రేకు కూడా పడలేదు. నేను చూశాను. మాను మొదట్లోనే కూర్చున్నాను.

గురవయ్య దిగాడు. మైకు విప్పి ఇచ్చి నా ముఖం చూడకుండా వెళ్లిపోయాడు. జనం పలచబడ్డారు. జనరేటరు ఆపేశారు. ఒక పెట్రోమాక్స్ లైటు మిగిలింది. నా సెట్టు లారీ బ్యాటరీ మీద నడుస్తోంది. తూర్పు వైపు పడుకున్న మిగతా ఇద్దరు ఆడవాళ్లు ఏడ్చుకుంటూ లేచి పోయారు.

మునెమ్మ లేవలేదు. కళ్లు తెరవలేదు. బోర్లా పడుకునే అడిగింది.

"యాడ పడిందన్నా? చప్పుడు ఇన్నాను."

నాకు ఏ చప్పుడూ వినబడలేదు. ఆమెకు నిజం చెప్పడానికి అది రెండో అవకాశం. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది.

"ఈడనే యాడో పడింటాదిలేమ్మా. యెతుక్కో."

ఎందుకు అన్నానో తెలియదు. ఆమె అక్కడి నుంచి నా వైపు చూడకుండా ఉంటే చాలనిపించింది. ఆమె మోకాళ్ల మీద లేచి, కళ్లు మూసుకునే, బురదలో చేతులతో తడమడం మొదలుపెట్టింది. గుడి అరుగు మీద కూర్చున్న ఆమె అత్త చూసి పక్కన ఉన్నవాళ్లతో అంది.

"యెతుక్కోనీ. పన్నెండేండ్లుగా యెతుకుతానే ఉండాది గదా."

అరుగు మీద నవ్వులు.

నేను సామాను సర్దుతున్నాను. వేషగాళ్ల చెమటకు మైకు పాడవుతుంది కాబట్టి ఎప్పుడూ ఒకసారి వినిచూసి పెట్టెలో పెడతాను. పెట్టె స్విచ్చి ఆఫ్‌లో ఉంది. హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. ముందు హోరు వినబడాలి.

హోరు వినబడింది. సర్‌ర్‌ర్...

ఆగిపోయింది.

టక్కున.

పెట్టె వైపు చూశాను. స్విచ్చి ఆఫ్‌లోనే ఉంది. స్విచ్చి చెడిపోయిందేమో అనుకున్నాను. వెనక మూత తీసి బ్యాటరీ లాగేశాను. బ్యాటరీ ఒక చేతిలో... పెట్టె ఒక చేతిలో.

హోరు రాలేదు. అదే నిశ్శబ్దం. ఎవరో మైకు ఆన్ చేసి, నోటి దగ్గర పెట్టుకుని, ఇంకా మాట్లాడనట్టు.

మా చుట్టుపక్కల పల్లెల్లో అలాంటి మైకు ఇంకొకటి లేదు.

అప్పుడు వినబడింది. చర్... చర్... తడి మట్టిలో వేళ్లు. గడ్డిపరక తెగిన చప్పుడు. గాజు గాజుకు తగిలిన చప్పుడు. చర్... చర్...

తల ఎత్తాను. పది గజాల దూరంలో మునెమ్మ. ఆమె చెయ్యి ముందుకు పోతే చర్. ఆగితే ఆగుతుంది. గాజులు కదిలితే నా చెవుల్లో కదులుతాయి. హెడ్‌ఫోన్ తీసి చూశాను. అంత దూరం నుంచి ఏమీ వినబడడం లేదు. మళ్లీ పెట్టుకున్నాను. చర్...

ఆమె దగ్గర ఏముంది? తడి చీర. అంతే.

నాకు ఒక ఆలోచన వచ్చింది. బ్యాటరీ మళ్లీ పెట్టాను. స్విచ్చి ఆన్ చేశాను. మైకును పెదవులకు ఆనించి "గోవిందా" అన్నాను. దగ్గరది దూరపుదాన్ని మింగాలి. అది ఆ యంత్రం ధర్మం. రిసీవరు నా మోకాలి పక్కనే ఉంది. నా గొంతే రావాలి.

రాలేదు.

ఇంకోసారి అన్నాను. గట్టిగా అన్నాను. అరుగు మీదివాళ్లు తిరిగి చూశారు. హెడ్‌ఫోన్‌లో మాత్రం నా గొంతు లేదు. చర్... చర్... అదొక్కటే.

అంటే... అది నా చేతిలోని మైకు కన్నా దగ్గరగా ఉంది.

నేను ఆ మాట మెల్లగా లోపల అనుకున్నాను. నా చేతి కన్నా దగ్గరగా. నా పెదవుల కన్నా దగ్గరగా. వెనక్కి తిరిగి చూడాలంటే భయం. తిరగకుండా ఉండాలన్నా భయం.

తడమడం ఆగింది. నిశ్శబ్దం. ఒక ఊపిరి... లోపలికి.

"యాడ పడిందన్నా?"

మునెమ్మ గొంతే. పెట్రోమాక్స్ వెలుగులో ఆమె ముఖం నాకు స్పష్టంగా కనబడుతోంది. పెదవులు బిగించి ఉన్నాయి. కదలలేదు. దేవుడి సాక్షిగా కదలలేదు.

మళ్లీ అదే. అదే నెమ్మదితో. కోపం లేదు, ఏడుపు లేదు.

"యాడ పడిందన్నా?"

అప్పుడైనా చెప్పి ఉండాలి. చెప్పలేదు.

మునెమ్మ లేచి నిలబడింది. కుడి గుప్పిట మూసి ఉంది. మోచేతి దాకా బురద. ఆ గుప్పిటను కొంగులో పెట్టి ముడేసుకుంది. అప్పుడు కళ్లు తెరిచింది. "దొరికింది" అంది. ఆ మాట గాలిలో వినబడింది. హెడ్‌ఫోన్‌లో మళ్లీ హోరు... సర్‌ర్‌ర్...

మరుసటి రోజు పెద్దమనుషులు కూర్చున్నారు. ముడి విప్పి చూపమన్నారు. చూపకూడదు కదా, ఆమె చూపలేదు. మట్టిగడ్డ అని ఒకరు, పల్లేరుకాయ అని ఒకరు ఎగతాళి చేశారు. గురవయ్య తన చెయ్యి తనది కాదని చెప్పి తప్పుకున్నాడు. చివరికి నన్ను అడిగారు. మాను మొదట్లో ఉండింది నువ్వే, పురాణం చదివేవాడివి, అబద్ధం చెప్పవు, ఆ తట్టు నిమ్మకాయ పడిందా అని.

పడింది అంటే ఆమెకు ఏడాది దక్కేది. వేషం గదిలోంచి విన్నది చెప్పినా దక్కేది. మునెమ్మ నా వైపు ధైర్యంగా చూస్తోంది. యెతుక్కో అన్నది నేనే కదా.

"నేను చూడలేదప్పా" అన్నాను. తల దించుకున్నాను.

నెల తిరగకుండా చెంగల్రాయుడికి పెళ్లయింది. ఆ పెళ్లికి మైకుసెట్టు నాదే.

సెట్టును తిరుపతిలో నాకు పని నేర్పిన మేస్త్రీకి చూపించాను. ప్రతి భాగం విప్పి చూశాడు. ఏ లోపమూ లేదన్నాడు. నా చేతికన్నా దగ్గర ఏముంటుందని అడిగాను. నవ్వి, నువ్వే ఉంటావు అన్నాడు. ఆ మాటకు నేను నవ్వలేకపోయాను.

ఆరేళ్ల తరువాత, నిజం చెప్పి కాళ్ల మీద పడాలని బయలుదేరాను. మునెమ్మ పులికాట్ సరస్సు ఒడ్డున తన చిన్నమ్మ ఊళ్లో ఉంది. రొయ్యలు ఒలిచే షెడ్డులో పని. పడవల ఇంజన్లు, పక్షుల అరుపులు, ఆడవాళ్ల కేకలు. పక్క మనిషి మాట వినబడదు. నన్ను చూసి చేతులు కడుక్కుని వచ్చింది. కొంగున ఆ ముడి ఉంది. చీర మారింది కానీ ముడి ఉంది. చీర మార్చిన ప్రతిసారీ చీకట్లో కళ్లు మూసుకుని మళ్లీ ముడేసుకుంటుందట. ఆమె చిన్నమ్మ చెప్పి నుదురు కొట్టుకుంది.

నేను నోరు తెరిచేలోపే మునెమ్మ రెండు చేతులూ జోడించింది.

"ఆ పొద్దు నువ్వు చెప్పబట్టే కదన్నా యెతికినాను. లేకుంటే లేసి పోతా ఉంటిని. నీ రుణం తీర్సుకోలేను."

వంగి నా కాళ్లకు మొక్కింది.

అప్పుడు... ఇంజన్లు ఆగాయి. పక్షులు ఆగాయి. కేకలు ఆగాయి. టక్కున. ఆడవాళ్ల నోళ్లు కదులుతూనే ఉన్నాయి, పడవ పొగ వదులుతూనే ఉంది. నా చెవుల్లో మాత్రం ఆ నిశ్శబ్దం. ఎవరో మైకు ఆన్ చేసి, నోటి దగ్గర పెట్టుకుని, ఇంకా మాట్లాడనట్టు. వంగిన ఆమె కొంగు నా పాదం మీద పడింది. ముడి తడిగా ఉంది. బరువుగా ఉంది.

నేను నిజం చెప్పలేదు. బస్సెక్కి వచ్చేశాను.

అడిగింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. స్వామివారా, ఆమె గుండెలోని మొరా, నా పాపమా. ఆ ముడిలో ఏముందో కూడా తెలియదు. ఆమె కడుపు పండలేదు. అది మాత్రం తెలుసు.

చదివినవాళ్లు నా కోసం ఒక పని చేయండి. మునెమ్మను తలుచుకుని నాతో పాటు ఒక్కసారి గోవిందా అనండి. మనసులో వద్దు. పైకి, గట్టిగా. అన్న తరువాత కాసేపు ఆగండి. ఆ నిశ్శబ్దంలో మిమ్మల్ని ఎవరైనా ఏదైనా అడిగితే... మీరు జవాబు చెప్పండి.