పాకం ముదిరిన బిస్కట్లు

నోరు మంచిదైతే ఊరు మంచిదంటరు. నా నోరు మొదట్నించి మంచిది గాదు. కోచింగ్ కోసమని దిల్‌సుఖ్‌నగర్ల ఒక ఇంటి మేడ మీద అర్ర కిరాయికి తీసుకున్న. కింద ఇంటామె ఒక్కతే ఉండేది. గుంటూరు దిక్కు నుంచి పెండ్లయి ఒచ్చినామె, భర్త పోయి ఏండ్లయింది. నేను ఆంటీ అనేదాన్ని, ఆమె నన్ను అమ్మాయ్ అనేది. నల్గొండ పల్లె నుంచి ఒచ్చిన నాకు అంత పెద్ద సిటీల మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే.

మా ఇద్దరి నడుమ ఒక స్టీలు డబ్బ తిరుగుతుండేది. అది మా ఇంటిది, మూత మీద అమ్మ పేరు చెక్కి ఉంటది. నేను సర్వపిండి పెట్టి ఇస్తె ఆమె పులిహోర పెట్టి పంపేది. ఏం వండని దినం గూడ ఉత్త డబ్బ ఇయ్యకపోయేది, గుప్పెడు చక్కెరన్న పోసేది. "ఖాళీ డబ్బా ఇస్తే రాకపోకలు ఆగిపోతాయమ్మాయ్" అనేది. మా ఊర్ల గూడ గదే పద్ధతి.

నెలకోసారి ఇద్దరం మైద, డాల్డ, బెల్లం పట్టుకొని సందు చివర బేకరీకి పోయేటోళ్లం. మన సామాను మనం ఇస్తె వాళ్లే కలిపి, భట్టీల బిస్కట్లు కాల్చి ఇచ్చేటోళ్లు. అందరు చక్కెర తెస్తె మేము నల్లబెల్లం, సొంఠి. బెల్లం మా ఊరి నుంచి నేనే తెచ్చేదాన్ని. ఒకసారి హయత్‌నగర్ కాడ బస్సు ఆపి పోలీసాయన నా సంచి ఇప్పి చూసిండు. ఈ నల్లబెల్లంతోని గుడుంబ సారా కాస్తవా అని అడిగిండు. బిస్కట్లకు సార్ అంటె నమ్మడే, బస్సు దించినంత పని చేసిండు. ఆ ముచ్చట చెప్తె ఆంటీ కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వింది.

ఆ దినాలల్ల తెలంగాణ ఉద్యమం జోరు మీదుంది. ఇయ్యాల బందు, రేపు ధర్నా. మా పరీక్షలు ఎన్నడు పెడ్తరో ఎవలకు తెల్వదు, నేను పరేషాన్ల ఉన్న. ఓ సాయంత్రం ఆంటీ ఇంట్ల టీవీ చూస్తుంటె, "ఈ బందులేంటో, మీ వాళ్ళకి పనీ పాటా ఉండదా" అన్నదామె. నాకు సర్రుమన్నది.

"మా పనులన్ని మీరే గుంజుకుంటె ఇంగ మాకు పనేడుంటది? మీ ఊరికి మీరు పోతె అన్ని సక్కగైతయ్" అన్న.

ఆమె టీవీ బందు చేసింది. "మా ఆయన చితి కాలింది ఇక్కడే. ఇంకే ఊరు వెళ్ళమంటావ్?" అన్నది మెల్లగ. నేను మెట్లెక్కిన.

తెలంగాణ రావాలనుడు తప్పు గాదు, ఇప్పటికీ గదే అంట. గని ఆ కోపం ఒంటరి ఆడమనిషి మీద తీర్చుకున్న చూడు, అది నా తప్పు. పది దినాలు ఆమె నా మొకం చూడలే. నేను నీళ్లు పట్టుకోను దిగితె లోపలికి పోయేది. పొద్దంత ఒక్క మాట మాట్లాడక నా గొంతు నాకే కొత్తగ ఇనబడేది. డబ్బ నా కాడనే ఉన్నది. ఇచ్చే వంతు నాదే.

బిస్కట్లు చేసి ఇద్దామనుకున్న. బేకరీకి పోతె బందని షట్టర్ దించి ఉన్నది. సరే, పక్క ప్లాట్ల ఇల్లు కడ్తుండ్రు, ఆడ నాలుగు దోసిళ్ల ఇసుక తెచ్చి భట్టీ లెక్క కాగుతదని కుక్కర్ల పోసిన. విజిల్ తీసి, రబ్బరు తీసి, ఇసుక మీద పళ్లెం పెట్టిన. బెల్లం కరిగించి పిండిల పోస్తె సాలు. నాకేమో మా ఇంట్ల అరిసెల పద్ధతే తెలుసు. నీళ్లల్ల చుక్క ఏస్తె ఉండ కట్టేదాక బెల్లం దించలే. ఎవలన్న పక్కన ఉంటె ఆపుదురు. వాసనైతె సందంత కమ్మగొచ్చింది, బిస్కట్లు మాత్రం రాళ్లే.

అయినా డబ్బల పెట్టి దిగిన. తప్పయింది ఆంటీ అని మెట్టు మెట్టుకు అనుకుంట దిగిన. ఆమె తలుపు తీసి డబ్బ అందుకున్నది. నా నోట్ల నుంచి ఒచ్చింది మాత్రం, "జర గట్టిగొచ్చినయ్" అనే. ఆమె తల ఊపి తలుపేసుకుంది.

తెల్లారి డబ్బ నా మెట్ల మీద ఉన్నది, తళతళ తోమి. మూత తీసిన. లోపల ఏం లేదు. చిటికెడు చక్కెర గూడ లేదు. ఆడనే మెట్టు మీద కూలబడి ఏడ్సిన.

సిగ్గు ఇడిసి చెప్తున్న, చెత్త బండి రాకముందు పోయి ఆమె చెత్తబుట్టల చూసిన. కూరగాయల తొక్కలు, కాఫీ పిప్పి. ఒక్క బిస్కట్ ముక్క లేదు.

నాలుగింటికి కింద నుంచి కాఫీ వాసన ఒచ్చింది. నేను ఛాయ్ పెట్టుకున్న. నా కాడ మిగిలిన బిస్కట్లు కొరికితె ఇరగలే, చానసేపు ఛాయ్‌ల ముంచితె మెత్తబడ్డయ్. ఆమెవి కట్టుడు పండ్లు, ఆమె గూడ గట్లనే తిని ఉంటది. కింద ఆమె ఒక్కతే, మీద నేనొక్కదాన్నే, అవే బిస్కట్లు నానబెట్టుకుంట కూసున్నం. నడుమ పద్నాలుగు మెట్లు. నేను దిగలే.