ఇత్తడి బిళ్ళ వెనకవైపు

నా చిన్నప్పుడు నయాపూల్ దగ్గర మా తాతయ్యకు ఇరుకైన దుకాణం ఒకటి ఉండేది. కాల్చే భాగాలు తీసేసి గోడకు తగిలించుకున్న పాత పటాలాల తుపాకులను జనం అక్కడికి తెచ్చేవారు. వాటి మీది గుర్తులు చదివి, ఒక్కొక్కటి ఏ కార్ఖానాలో పుట్టిందో, ఏ పటాలంలో తిరిగిందో చెప్పడం ఆయన పని. యజమాని దగ్గర ఏ కాగితమున్నా ముందు చూసేవాడు కాదు. చూస్తే కళ్ళు దానికి తగ్గట్టే చదువుతాయనేవాడు.

ఒకరోజు మలక్‌పేట నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. వాళ్ళింట్లో ఒకేలాంటి తుపాకులు రెండుండేవట. ఒకటి తండ్రి సిపాయిగా మోసినది, ఇంకొకటి ఎప్పుడో కొన్నది. అన్నదమ్ముల పంపకాల్లో తనకు వచ్చింది తండ్రిదేనా అన్నది ఆయన దిగులు. తండ్రికి ఇచ్చిన తుపాకీ నంబరున్న పటాలం కాగితం మడిచి జేబులోనే ఉంచుకున్నాడు. సాయంత్రం రమ్మని పంపి, నన్ను దుకాణంలో ఉంచి తాతయ్య చాయ్‌కి వెళ్ళాడు.

తుపాకీని భుజానికి ఆనించే కర్ర చివర, నంబరు కొట్టిన నల్లబడ్డ ఇత్తడి బిళ్ళ ఉంది. ఇంట్లో దీపపు కుందులు నాలా ఎవరూ తోమలేరని నాకు మహా గర్వం. గరుకు కాగితంతో బిళ్ళను కూడా రుద్దేశాను. అద్దంలా మెరిసింది. అసలే అరిగి ఉన్న అంకెలు మాత్రం పూర్తిగా పోయాయి.

తాతయ్య చూసి తిట్టలేదు. దాంతో నాకు ఇంకా భయమేసింది. సమ్మెటతో కొట్టే అంకెల అచ్చులు ఆయన పెట్టెలోనే ఉన్నాయి. "మళ్ళ కొట్టెయ్యి తాతా" అని బతిమాలాను.

"ఆయన రానీ బిడ్డా. నువ్వే చెప్పు."

వెక్కుతూనే చెప్పాను. పెద్దాయన నున్నటి బిళ్ళను చాలాసేపు తడిమి, జేబులోంచి కాగితం తీశాడు. "పోనీ తియ్, చిన్నపిల్ల. నంబరు గీ కాయితంల ఉన్నది. చూసి కొట్టు భాయ్, నా పానం నిమ్మళమైతది."

తాతయ్య ఆయన మణికట్టు పట్టుకున్నాడు. "గా కాయితం చూసి కొడితే నంబరొస్తది. మీ బాపు రాడు."

తర్వాత మర విప్పి బిళ్ళ ఊడదీశాడు. వెనకవైపు, ఒకప్పుడు అంకెలు కొట్టిన సమ్మెట దెబ్బలకు ఇత్తడి సన్నగా ఉబ్బి ఉంది. దాని మీద పల్చటి కాగితం పరిచి, పెన్సిల్ నా చేతికిచ్చాడు. మెల్లగా రుద్దాను. అంకెలు తిరగబడి తేలాయి. గోడ అద్దంలో చూసి ఒక్కొక్కటే పైకి చదివాను. పెద్దాయన అప్పుడే తన కాగితం మడత విప్పి, వేలుపెట్టి నాతోపాటు చదివాడు. చివరి అంకె దగ్గర స్టూలు మీద కూలబడి ఏడ్చాడు.

"మా బాపుదే" అన్నాడు.

తాతయ్య బిళ్ళను నున్నగానే తిరిగి బిగించాడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా, ఎవరి మనసునో కుదుటపరచడానికి నాకు తెలియనిది తెలుసని చెప్పబోతానా, ఎవరో నా మణికట్టు పట్టుకున్నట్టే ఉంటుంది.