సలగెద్దు ముందు వెనక్కి నడిచిన ఆదివారాలు

మా బనియన్ కంపెనీకి కుందేళ్ళు వచ్చిన రోజే నా మీద మూడో ఫిర్యాదు కూడా వచ్చింది. రెండింటినీ తెచ్చింది ఒకే అమ్మాయి. కోయంబత్తూరులో పెద్ద చదువేదో చదివి, తిరుప్పూరులోని మా యూనిట్‌లో హెచ్చార్‌గా చేరిన అమ్మాయి. కుందేళ్ళను క్యాంటీన్ వెనక వైరు గూట్లో పెట్టించింది. ఫిర్యాదును ప్లాస్టిక్ కవరులో పెట్టి నా బల్ల మీద ఉంచింది. కుందేళ్ళకు పేర్లు పెట్టమని పోటీ కూడా పెట్టింది. ఫిర్యాదుకు ఆ అవసరం లేదు. అందులో ఉన్న పేరు నాదే.

అందులో కొత్త సంగతేమీ లేదు. నేను అరుస్తానట. ముప్పై ఏళ్ళుగా అరుస్తూనే ఉన్నాను. నేను ఫ్లోర్ ఇన్‌ఛార్జిని. కటింగ్ నుంచి ప్యాకింగ్ దాకా ప్రతి పీసూ నా కళ్ళ ముందు నడవాలి. వందల మిషన్లు ఒకేసారి రొదపెట్టే చోట గుసగుసలాడితే షిప్‌మెంట్ కదలదు. పైగా గొంతు నాకు వంశపారంపర్యంగా వచ్చింది. మిగతా ఆస్తి ఏదీ రాలేదు కాబట్టి దాన్ని కొంచెం ధారాళంగానే వాడుకున్నాను.

ఆండిపట్టి దగ్గర మాది ఒకప్పటి పాళెం, అంటే పాళెగాళ్ళ సంస్థానం. ఇప్పుడు మిగిలింది సగం ముఖద్వారం. రెండో సగం ఉండాల్సిన చోట సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడి ఉంది. ముత్తాత ఖడ్గం మా పిన్ని ఇంట్లో తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టడానికి పనికొస్తోంది. జంతువులతో మా వాళ్ళ అనుబంధం చాలా పాతది. కొన్నింటి మీద ఎక్కేవాళ్ళు, కొన్నింటిని కాల్చేవాళ్ళు, మిగిలినవాటిని తినేవాళ్ళు.

ఫిర్యాదు చేసింది చెకింగ్ సెక్షన్ అక్క. మదురై మనిషి, చర్చికి వెళ్ళే కుటుంబం, మాట్లాడేది మా తెలుగే. ఒకరోజు అందరి ముందే నాతో అంది: "సార్, మీరు అరిస్తే బిడ్డలు భయపడతారు గానీ కుట్టు భయపడదే! అది వంకరగానే పోతాది." అందరూ నవ్వారు. ఆ నవ్వు మీద నేను మళ్ళీ అరిచాను. అదే మూడో ఫిర్యాదు.

యజమాని పిలిపించాడు. ముప్పై ఐదేళ్ళవాడు, కోయంబత్తూరు తెలుగు వ్యాపార కుటుంబం. వాళ్ళ తాత పత్తి బండ్లతో వచ్చి మా వాకిట్లో నిలబడేవాడని మా ఇంట్లో పదే పదే చెప్పుకునేవాళ్ళు. ఆయన నిలబడ్డాడు కాబట్టి వాళ్ళకు కాళ్ళు గట్టిపడ్డాయి. మేం కూర్చున్నాం.

"అంకుల్, మీకు టెన్షన్ జాస్తి," అన్నాడు. "నేచర్ తోన, యానిమల్స్ తోన కొంచెం టైం గడపాల మీరు. మూడు నెలలు చూస్తాము. అప్పురం కూడా ఇట్లే ఉంటే ఇన్‌ఛార్జి సీటు చెకింగ్ అక్కకి ఇచ్చేస్తాము. తప్పుగా అనుకోవద్దండి."

తప్పుగా అనుకోకుండా ఎలా ఉంటారో నాకు తెలియదు. ఆ సీటు ఉత్త ప్లాస్టిక్ కుర్చీ, ఒక కాలు కొంచెం పొట్టి. కానీ కాస్త ఎత్తయిన దిమ్మె మీద ఉంటుంది. మా వంశానికి మిగిలిన ఎత్తు అదొక్కటే.

ఇదంతా చెన్నై నుంచి వచ్చిన ఒక నిపుణుడి ఆలోచన. పనిచేసేవాడు రోజూ పది నిమిషాలు ఒక మొక్కను చూస్తే, వారానికొకసారి ఒక జంతువు కళ్ళలోకి చూస్తే, పనిలో కొత్త మనిషవుతాడట. ఇస్త్రీ సెక్షన్‌లో మొక్కల కుండీలు పెట్టారు. ఆవిరికి వారంలో వాడిపోయాయి. వాటి స్థానంలో ప్లాస్టిక్ మొక్కలు వచ్చాయి. పది నిమిషాలు చూడాలన్న నియమం మాత్రం అలాగే ఉంది. నలుగురు సూపర్‌వైజర్లు చేతులు కట్టుకుని ప్లాస్టిక్ ఆకుల్ని భక్తిగా చూస్తుంటే నేనూ చూశాను. ఆకు మీద ధర చీటీ ఇంకా ఉంది.

కుందేళ్ళ వంతు వచ్చినప్పుడు నా వెన్ను ఇంకొంచెం బిగిసింది. "నేను కుందేళ్ళ కళ్ళలోకి చూడను," అన్నాను హెచ్చార్ అమ్మాయితో. "మా ఊళ్ళో మాకే ఒక మంద ఉంది. ప్రతి ఆదివారం అక్కడికి పోతాను." ఆమె సంతోషంగా ఒక నోటుబుక్కు ఇచ్చింది. వెళ్ళినప్పుడల్లా అనుభవం రాయాలట. మొదటి పేజీ మొదటి వాక్యం నేను రాసింది ఇదీ: ఇది మా మంద.

ఆ మంద సంగతి చెప్పాలి. దేవుడికి విడిచిన పశువులవి. వాటిని ఏరుకు, అంటే నాగలికి కట్టరు, అమ్మరు, కొట్టరు. అందులో ఒక ఎద్దును సలగెద్దుగా ఎంచుతారు. ఏడాదికోసారి ఉరుమి డోలు మోగుతుంటే ఒక మనిషి రెండు పొడుగాటి వెదురు కర్రలు పట్టుకుని దాని ముఖానికి ఎదురుగా నిలబడి, వెనక్కి నడుస్తూ, ఆడుతూ దాన్ని ఊరి పొలిమేర దాకా తీసుకెళ్ళాలి. మొదటి కర్ర మా ఇంటి హక్కు. పోయినవన్నీ పోగా ఇదొక్కటి మిగిలింది. ఉరుమి మోగగానే నేను కర్ర తాకుతాను, దాన్ని మంద కాచే పెద్దాయన చేతికి ఇస్తాను, గొడుగు కింద కూర్చుంటాను. ఇన్నేళ్ళుగా ఎద్దును ఆడించేది నేనేనని నా నమ్మకం.

శనివారం పని దిగి బస్సెక్కి, దిండిగల్లులో బస్సు మారి, ఆదివారం పొద్దున తొళువు దగ్గరికి చేరాను. తొళువంటే మందను కట్టే దడి. పెద్దాయన, ఆయన భార్య లోపల ఊడుస్తున్నారు. నాకన్నా పదేళ్ళు పెద్దవాడు. వాళ్ళ ఇంట్లో తరతరాలుగా ఇదే పని.

"ఏం దొరా, పండగా లేదు పబ్బమూ లేదు, తోవ తప్పి వచ్చిండారా?"

"ఎద్దును ఆడిచ్చేదానికి వస్తిని. కర్రలియ్యి."

"ఇస్తాను. ఎద్దుకు చెప్పిండారా?"

కర్రలు తీసుకుని, వెన్ను నిటారుగా పెట్టి, ఎద్దు ముందు నిలబడి, ఫ్లోర్‌లో పిలిచినట్టే "రా!" అని అరిచాను. పక్క చెట్టు మీది కాకులు లేచిపోయాయి. ఎద్దు నన్నొకసారి చూసింది. కొమ్ముతో డొక్క గోక్కుంది. తర్వాత మెల్లగా తిరిగి, తోక ఎత్తి, పేడ వేసింది.

పెద్దాయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "బదులు చెప్పేసింది దొరా," అంది.

"దీనికి నెల జీతం లేదు కదా సామీ," అన్నాడు పెద్దాయన. "మీ కంపెనీ బిడ్డలైతే అరిస్తే ఉలిక్కిపడి వస్తారు. ఇది ఎందుకు వస్తాది?"

"మరి ఏం చెయ్యాల?"

"ముందు పేడ తియ్యండి."

"నేనా?"

"ఎద్దుకు మీరెవురో తెలియద్దా? మీ మింద సెంటు వాసన వస్తుండాది. అది పోనీండి, అప్పురం చూస్తాము."

రెండు ఆదివారాలు పేడ తీశాను. నోటుబుక్కులో మాత్రం "పశువుల సన్నిధిలో మౌనంగా గడిపాను" అని రాశాను. అబద్ధం కాదు. గంప నెత్తిన ఉన్నప్పుడు ఎవరూ ఉపన్యాసాలివ్వరు.

మూడో ఆదివారం కర్రలిచ్చాడు. నడుం వంచమన్నాడు. మోకాళ్ళు మడిచి, కర్రలు దాని ముఖానికి అడ్డంగా పట్టి, అది ఒక అడుగు వేస్తే నేనొక అడుగు వెనక్కి వెయ్యాలి. మా వంశంలో ఎవరైనా వెనక్కి నడిచినట్టు నేను వినలేదు. యుద్ధాల్లో నడిచే ఉంటారు, కానీ ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

నేను కొమ్ముల వైపే చూస్తున్నాను. మొదటిసారి కింద పడ్డాను. రెండోసారి దడికి తగిలాను.

"కొమ్ము చూడొద్దండి, చెవి చూడండి," అన్నాడు పెద్దాయన. "చెవి ముందుకుంటే అది వస్తాది. వెనక్కి పడుకుంటే నిలవండి, గమ్మునుండండి. ఏదో దానికి సరిపోలేదని అర్థం. అది ఏమని చూడాల, అరవకూడదు."

చెవి చూడటం నేర్చుకోవడానికి నాలుగు వారాలు పట్టింది. ఐదో వారం ఎద్దు నా వెంట, అంటే నా ముందు, పదిహేను అడుగులు వచ్చింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పెద్దాయన భార్య గంజి ఇచ్చింది. అంత రుచిగల గంజి నేను ఎప్పుడూ తాగలేదు. ఈ మాట నిపుణుడికి తెలిస్తే గంజి సెషన్ కూడా పెడతాడని నోటుబుక్కులో రాయలేదు.

నాకు ఒప్పుకోవడం ఇష్టం లేని సంగతి ఒకటుంది. ఇదంతా ఫ్లోర్‌లో పనిచేసింది. ఒక సోమవారం ఒడిశా నుంచి వచ్చిన ఒక పిల్ల కుట్టిన కాలర్లన్నీ ముడతలు పడి వస్తున్నాయి. నోరు తెరిచాను. అప్పుడు ఆమె భుజాలు చూశాను. రెండూ చెవుల దాకా లేచి ఉన్నాయి, కాలు పెడల్ మీద లేదు. నోరు మూసుకుని రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాను. కాసేపటికి ఆమే తనకొచ్చిన నాలుగు అరవ ముక్కల్లో, "సార్, నూలు సరియిల్లె," అంది. కొత్త నూలు మందంగా ఉంది. అంతకుముందు రోజుల్లోనైతే ఆమె ఏడ్చేది, నేను అరిచేవాణ్ణి, నూలు అలాగే ఉండేది. ఆ నెలలో తిరిగొచ్చిన పీసులు తగ్గాయి. చెకింగ్ అక్క వచ్చి నా ముఖంలోకి చూసింది. "ఏం సార్, ఒళ్ళు బాగలేదా?" అంది.

రెండున్నర నెలలు గడిచాయి. సీటు నాదేనన్న ధీమా వచ్చింది. నోటుబుక్కు యజమాని దాకా వెళ్ళింది. ఆయన నన్ను పిలిచి, కూర్చోమని, టీ తెప్పించాడు.

"సూపర్ అంకుల్! వచ్చే నెల జర్మనీ బయ్యర్లు వస్తారు. వాళ్ళను, మేనేజర్లను ఒక బస్సులో మీ మందకు తీసుకుపోదాము. ఎద్దు తోన ఒక సెషన్, ఫోటోలు, ఒక చిన్న వీడియో. మీదే కదా మంద? పర్మిషన్ మీరిస్తే చాలు. మీ సీటు గురించి ఇంక మాట్లాడేది లేదు."

"మాదే," అన్నాను. ఒక్క మాట. టీ బాగుంది.

ఆ ఆదివారం పెద్దాయనకు ఆజ్ఞ వినిపించినట్టే చెప్పాను. బస్సు వస్తుంది, తొళువు శుభ్రంగా ఉండాలి, ఎద్దుకు గంటలు కట్టాలి. ఆయన ఎద్దు ఒంటిమీది గోమార్లు ఏరుతూ విన్నాడు.

"ఎవురి మంద దొరా?" అన్నాడు.

"మాది."

"సామి మంద. మీకు మొదటి కర్ర, మాకు పేడ. మీ ఇంట్లో ఎవురూ ఇది అడిగి తెలుసుకోలే, అంతే." గొంతు పెంచలేదు. "ఏరుకు కట్టనని మొక్కి విడిచిన ఎద్దు ఇది. దీన్ని కంపెనీకి కడతారా? వాళ్ళ పని బాగా నడిచేదానికే కదా ఇది నిలవాల? అది పని కాక మరేంది?"

నేను సీటు సంగతి చెప్పాను. మూడు నెలల గడువు, దిమ్మె, అన్నీ చెప్పాను. నా కష్టం ఆయనకు చెప్పడం అదే మొదటిసారి. ఆయన విన్నాడు. పాపమన్నాడు. కాదన్న మాట మాత్రం మార్చలేదు. మా ఇంట్లో తరతరాలుగా ఆజ్ఞలిచ్చినవాళ్ళందరికీ ఈ మనుషులు ఎప్పుడూ సరేనన్నారని మా నమ్మకం. వాళ్ళు ఏ విషయాల్లో సరేనన్నారో, ఏ విషయాల్లో నవ్వుకుని ఊరుకున్నారో మేం చూసుకోలేదు.

సోమవారం మీటింగులో మేనేజర్లంతా ఉన్నారు, చెకింగ్ అక్క కూడా ఉంది. తెర మీద బస్సు కార్యక్రమం, దాని మీద నా ఇంటి పేరు పెద్ద అక్షరాల్లో.

లేచి నిలబడ్డాను. "మంద నాది కాదు," అన్నాను. "రాసింది తప్పు. అది దేవుడిది. కాచేవాళ్ళు ఒద్దన్నారు."

యజమాని తెర మీది పేరును, నన్నూ మార్చి మార్చి చూశాడు. "అప్పుడు మీరు అక్కడ ఎవరు అంకుల్?"

"పేడ తీసేవాణ్ణి."

ఒకరిద్దరు నవ్వారు. మా తాతైతే వాళ్ళను గుర్తుపెట్టుకునేవాడు. నేను గుర్తుపెట్టుకోలేదని చెప్పను.

"అరుపు తగ్గింది అంకుల్, అది నిజం," అన్నాడు యజమాని. "ఐనా బయ్యర్లకు మాట ఇచ్చేసినాము కదా."

అరిచినన్నాళ్ళూ నిలిచిన సీటు నిజం చెప్పిన పూట పోయింది. బయ్యర్లను పొల్లాచ్చి వైపు ఒక రిసార్టుకు తీసుకెళ్ళారు. అక్కడ అద్దె ఆవు ఒకటి ఉందట, మెడలో గంట, కొమ్ములకు రంగు. జర్మనీవాళ్ళు దాన్ని కౌగిలించుకున్న ఫోటో ఇప్పుడు మా రిసెప్షన్‌లో ఉంది. ఆవు ముఖం కెమెరాకు అలవాటు పడినట్టే ఉంది. ఒక ఉద్యోగి ముఖం మరో ఉద్యోగి గుర్తుపడతాడు.

నన్ను లేబుల్ సెక్షన్‌కు మార్చారు. సైజు చీటీలు సరిచూడటం పని. కుర్చీ నేల మీదే ఉంటుంది. చెకింగ్ అక్క దిమ్మెక్కింది. నేను ఆదివారాలు ఆండిపట్టి బస్సెక్కడం మానలేదు. నోటుబుక్కు ఎవరూ అడగటం లేదు కాబట్టి ఇప్పుడు ఎద్దు మరికొంత దూరం వస్తోంది.

రెండో నెలలో ఒక శుక్రవారం దిమ్మె మీంచి అక్క కేక వినిపించింది. పక్కన నూలు కండెలు పేర్చేవాళ్ళు ఉలిక్కిపడ్డారు. సాయంత్రం ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది. గొంతు బొంగురుపోయి ఉంది.

"సార్, ఒక మాట. ఆదివారం మీ మంద కాడికి నేను రావచ్చునా?"

"నా మంద కాదమ్మా. అడిగి చెప్తాను."

ఆమె ముందే ఫోను చేశాను. పెద్దాయన ఎత్తాడు.

"ఎవురు వస్తారు దొరా?"

"నా పై ఆఫీసరు."

"అరుస్తాదా?"

"కొత్తగా మొదలుపెట్టింది."

"ఐతే ఆలస్యం చెయ్యొద్దండి," అన్నాడు. "ఈ వారమే రమ్మనండి. వానకు తొళువంతా బురద, పేడ శానా ఉండాది."